హుండీ నడిచిన దారిలోనే డార్క్ వెబ్

1959లో మన రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం ప్రత్యేకంగా రూపాయి నోట్లు అచ్చువేసింది. అప్పటిదాకా కువైట్, దుబాయ్, మస్కట్ తీరాల్లో మన రూపాయే చెల్లేది. ఆ ఏడాది రంగు మార్చి వేసిన కొత్త నోట్లు అక్కడే చెల్లుతాయి, దేశం లోపల చెల్లవు. వాటికి గల్ఫ్ రూపాయలని పేరు వచ్చింది. అంత పని చేయడానికి కారణం బంగారం. దుబాయ్ నుంచి పడవల మీద దొంగ బంగారం మన పశ్చిమ తీరానికి చేరేది. దాని ధర కింద మన నోట్లు కట్టలు కట్టలుగా అటు పోయేవి. అక్కడి బ్యాంకులు ఆ కట్టలను తిరిగి మనకే చూపించి విదేశీ ద్రవ్యం అడిగేవి. నోటు రంగు మార్చితే ఆ రాకపోకలు తెగుతాయని ప్రభుత్వం తలచింది. ఏడేళ్ల తర్వాత, 1966లో రూపాయి విలువ తగ్గించినప్పుడు, అప్పటికీ ఆ నోటును వాడుతున్న గల్ఫ్ దేశాలు చాలా వరకు దాన్ని వదిలేసి వేరే నాణేలకు మళ్లాయి. బంగారం మాత్రం వస్తూనే ఉంది. నోటు మారింది గానీ, బంగారం ఎందుకు కావాలో ఆ అవసరమూ, దాన్ని చేరవేసే మనుషుల మధ్య నమ్మకమూ మారలేదు. డార్క్ వెబ్ గురించి ఆలోచించేటప్పుడు ఈ పాత సంగతి గుర్తుంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. కంప్యూటర్ తెర వెనుక పుట్టిన వింత జీవిలాగా దాని గురించి మాట్లాడుతున్నాం. కానీ కంటికి కనబడని వలల ద్వారా డబ్బూ సరుకూ నడపడం మంజీరా ఒడ్డున బతికే వాళ్లకు కొత్త సంగతి కాదు. బాన్సువాడ ప్రాంతానికి అలాంటి వలతో కనీసం యాభై ఏళ్ల పరిచయం ఉంది. ఆ పరిచయం నేర్పే పాఠం ఒకటే: రహస్య దారి నిలబడేది సాంకేతికత మీద కాదు, బహిరంగ దారి చూపించని ఒక అవసరం మీద. అది తెగేది కూడా రహస్యం నడుమ కాదు, అది వెలుతురులోకి వచ్చే అంచు దగ్గర.

బాన్సువాడ 2016 అక్టోబరు దాకా నిజామాబాద్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉంది. రైలు పట్టాలు ఈ ఊరికి రాలేదు. ఒక పక్క బీదర్, ఇంకో పక్క దెగ్లూర్, నాందేడ్. అంటే మూడు భాషలూ మూడు రాష్ట్రాలూ కలిసే చోటుకు దగ్గర. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం ఈ నేల స్వభావాన్ని మార్చేసింది. కాలువ కింద వరి, చెరకు వచ్చాయి. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. కోస్తా నుంచి రైతులు వచ్చి వర్ని, బాన్సువాడ, బోధన్ చుట్టూ క్యాంపులు కట్టుకున్నారు. పంట అమ్మితే చేతికి రొక్కం వచ్చే చోట సాహుకారు ఉంటాడు, సాహుకారు ఉన్న చోట హుండీ, అంటే ఒక ఊళ్లో కట్టిన డబ్బును మరో ఊళ్లో ఇప్పించే చీటీ, ఉంటుంది. పైగా ఇక్కడ రెండు రూపాయలు నడిచేవి. నిజాం ప్రభుత్వానికి హాలీ సిక్కా ఉంటే, బ్రిటిష్ ఇండియాది కల్దార్. నూరు కల్దార్ రూపాయలకు సుమారు 116 హాలీ రూపాయలు లెక్క. సరిహద్దు దాటి నాందేడ్‌కో బొంబాయికో సరుకు పంపిన వ్యాపారికి నాణెం మార్చేవాడూ, మోయకుండా డబ్బు చేరవేసేవాడూ ఇద్దరూ కావాలి. హుండీ రాసే సాహుకారు ఆ రెండు పనులూ ఒకేసారి చేసేవాడు.

హుండీ అప్పట్లో దాచుకోవలసిన వస్తువు కాదు. గోల్కొండ వజ్రాల కోసం పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే సూరత్ మీద హుండీలు రాసే పద్ధతిని తన యాత్రా గ్రంథంలో వివరంగా నమోదు చేశాడు. చూపిన వెంటనే డబ్బు ఇవ్వాల్సినది దర్శనీ హుండీ, గడువు తీరాక ఇవ్వాల్సినది ముద్దతీ హుండీ. బజారులో పేరున్న పెద్దమనిషి చేతికే చెల్లించాలని రాసుకున్నది షాహ్‌జోగ్. ఈ మూడో రకం నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. కాగితం దొంగ చేతిలో పడినా ఫలితం ఉండదు, ఎందుకంటే డబ్బు తీసుకునేవాడిని బజారు గుర్తుపట్టాలి. అంటే కాగితానికి తాళంచెవి మనిషి పరువే. 1881లో బ్రిటిష్ ప్రభుత్వం చెక్కులు, ప్రామిసరీ నోట్ల కోసం నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం చేసినప్పుడు కూడా దేశీయ భాషల్లో రాసే పత్రాల స్థానిక ఆచారాల జోలికి పోమని మొదటి సెక్షన్‌లోనే చెప్పింది. హుండీని చట్టం అంతగా గౌరవించింది. అది చీకట్లోకి వెళ్లింది ఆ తర్వాత. ఎందుకు వెళ్లిందన్నదే ఈ చరిత్రలో అసలు ప్రశ్న.

1973లో రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాల పనులు మొదలయ్యాయి. ఇక్కడ ఢిల్లీలో విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం, అందరూ ఫెరా అని పిలిచేది, కఠినంగా తయారైంది. మరుసటి ఏడాది కాఫెపోసా వచ్చి, విచారణ లేకుండా నిర్బంధించే అధికారం కూడా ఇచ్చింది. సరిగ్గా ఆ కాలం నుంచే కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల మనుషులు ఎడారి దారి పట్టారు. సౌదీ అయినా మస్కట్ అయినా బహరైన్ అయినా ఊళ్లో అందరి నోటా ‘దుబాయ్ పోయిండు’ అన్న మాటే. వెళ్లినవాడు నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టి ఉంటాడు. ప్రతి నెలా ఇంటికి డబ్బు పంపకపోతే ఆ వడ్డీ చక్రం ఆగదు. బ్యాంకు డ్రాఫ్టు తీసి టపాలో వేస్తే వారాలు పడుతుంది. ఇంటి దగ్గర భార్యకు ఖాతా ఉండదు, సంతకం రాదు, బ్యాంకు పక్క ఊళ్లో ఉంటుంది. పైగా ప్రభుత్వం కట్టిన మారకం రేటు కంటే బజారు రేటు ఎక్కువ. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దగ్గర నుంచి పారిపోయి కాగితాలు లేకుండా పనిచేస్తున్న వాణ్ని అక్కడి మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. అతనికి బ్యాంకు గుమ్మం ఎక్కే వీలే లేదు. ఇన్ని తలుపులు మూసుకున్న మనిషి ముందుకు హుండీవాడు వచ్చి, ఈ సాయంత్రానికి మీ ఇంట్లో డబ్బు ఉంటుందన్నాడు. ఉండేది కూడా.

అది నడిచే తీరు తెలిస్తే డార్క్ వెబ్ సగం అర్థమైనట్టే. దుబాయ్‌లో కూలీ దిర్హాములు ఇస్తాడు. తీసుకున్నవాడు ఇక్కడి తన మనిషికి ఫోన్ చేసి మొత్తం, పేరు, ఊరు చెబుతాడు. గుర్తు కింద ఒక రూపాయి నోటు నంబరు చెప్పుకోవడం ఉండేది. ఆ నంబరు చూపినవాడికి డబ్బు అప్పజెబుతారు. ఒక్క దిర్హామూ సముద్రం దాటదు, ఒక్క రూపాయీ అటు పోదు. దుబాయ్‌లో పోగుపడిన దిర్హాములతో బంగారం కొంటారు, లేదా ఎగుమతి దిగుమతి బిల్లుల్లో విలువ తగ్గించీ పెంచీ రాసి లెక్క సరిచేసుకుంటారు. ఇంటికి వచ్చి డబ్బిచ్చే కుర్రాడికి దుబాయ్‌లో తీసుకున్నవాడెవరో తెలియదు. పంపిన కూలీకి తన దిర్హాములు ఏ బంగారంగా మారాయో తెలియదు. ప్రతి మనిషికీ తన ముందూ వెనుకా ఉన్న ఒక్కొక్కరే తెలుసు. ఇది ఎవరూ గీసిన ప్రణాళిక కాదు, పట్టుబడితే పక్కవాడొక్కడే పోవాలి, వల మొత్తం పోకూడదన్న అనుభవం నుంచి వచ్చిన అమరిక.

ఇరవై ఏళ్ల దాడులూ నిర్బంధాలూ ఆ వలను తెంచలేకపోయాయి. ఎక్కువ దెబ్బ తీసింది పోలీసు కాదు, ఆర్థిక మంత్రిత్వ శాఖ. 1990లో బంగారు నియంత్రణ చట్టం రద్దయింది. 1991లో రూపాయి విలువ తగ్గించారు. 1992 మార్చిలో విదేశాల నుంచి వచ్చేవాళ్లు సుంకం కట్టి 5 కిలోల దాకా బంగారం తెచ్చుకోవచ్చన్నారు. 1993లో మారకం రేటును మార్కెట్‌కు వదిలారు. బ్యాంకు రేటుకూ బజారు రేటుకూ మధ్య ఉన్న గుంట పూడిపోయింది. 1990–91లో విదేశాల్లోని మనవాళ్లు లెక్కకు వచ్చే దారిలో పంపిన ప్రైవేటు సొమ్ము సుమారు 2 వందల కోట్ల డాలర్లు. 1996–97 నాటికి అది 12 వందల కోట్ల డాలర్లు దాటింది. ఆరేళ్లలో ఆరింతలు. ఇదంతా హుండీ నుంచి బ్యాంకుకు మళ్లిన సొమ్మేనా అని అడగవచ్చు. కాదు. అమెరికాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లినవాళ్లు పెరిగారు, లెక్కగట్టే పద్ధతీ కొంత మెరుగైంది. కానీ ఆరేళ్లలో గల్ఫ్ కూలీల సంఖ్య ఆరింతలు కాలేదు, వాళ్ల జీతాలూ కాలేదు. ఆ పెరుగుదలలో గణనీయమైన భాగం అప్పటికే వస్తూ, లెక్కకు అందకుండా వచ్చిన డబ్బేనని ఒప్పుకోక తప్పదు. తలకిందులుగా చూసినా ఇదే తేలుతుంది. 2013లో బంగారం మీద సుంకం 10 శాతానికి, 2022లో 15 శాతానికి పెరిగిన కాలంలో శంషాబాద్ విమానాశ్రయంలో బెల్టుల్లో, బూట్లలో, పేస్టుగా చేసి శరీరంలో దాచిన బంగారం పట్టుబడిన వార్తలు మామూలైపోయాయి. 2024 జూలై బడ్జెట్‌లో దొంగ రవాణాను అడ్డుకోవడం కూడా దృష్టిలో పెట్టుకుని సుంకాన్ని 6 శాతానికి దించారు. సుంకం ఎంత ఎక్కువైతే దొంగ దారి అంత లాభసాటి అవుతుంది.

ఇప్పుడు డార్క్ వెబ్‌కు వద్దాం. దాని పునాది 1990ల నడుమ అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పడింది. పాల్ సైవర్సన్, మైకేల్ రీడ్, డేవిడ్ గోల్డ్‌ష్లాగ్ అనే ముగ్గురు పరిశోధకులు, ఇంటర్నెట్‌లో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూసేవాడికి తెలియకుండా చేయడం ఎలా అన్న సమస్య తీసుకున్నారు. సందేశానికి పొర మీద పొరగా రహస్య లిపి చుట్టి, మధ్యలోని ఒక్కో కంప్యూటరు ఒక్కో పొర మాత్రమే విప్పేట్టు చేశారు. అందుకే దానికి ఉల్లిపాయ పేరు పెట్టారు. 2002లో రోజర్ డింగిల్‌డైన్, నిక్ మాథ్యూసన్ చేరికతో టోర్ బయటికి వచ్చింది. అందులో సందేశం మామూలుగా మూడు మజిలీలు దాటుతుంది. మొదటి మజిలీకి పంపినవాడెవరో తెలుసు, ఎక్కడికి పోతున్నాడో తెలియదు. చివరి మజిలీకి చేరే చోటు తెలుసు, పంపినవాడు తెలియడు. నడుమ మజిలీకి రెండూ తెలియవు. నిజామాబాద్‌లో డబ్బు పంచిన కుర్రాడికి తెలిసినంతే చివరి మజిలీకీ తెలుసు. నౌకాదళం ఈ వలను లోకానికంతటికీ వదలడానికి కూడా ఒక కారణం ఉంది: సైన్యం ఒక్కటే వాడితే, అందులో కనబడిన ప్రతివాడూ సైనికుడేనని తేలిపోతుంది. గుంపు ఉంటేనే దాపరికం.

2011 ఫిబ్రవరిలో రాస్ ఉల్‌బ్రిక్ట్ అనే యువకుడు ఈ వల మీద సిల్క్ రోడ్ అనే అంగడి తెరిచాడు. బిట్‌కాయిన్‌తో మత్తుమందులు కొనే చోటు అది. అక్కడ పరువు స్థానంలో కొనుగోలుదారులిచ్చే మార్కులు వచ్చాయి. సాహుకారు స్థానంలో, సరుకు అందేదాకా డబ్బు పట్టి ఉంచే అంగడి యజమాని వచ్చాడు. షాహ్‌జోగ్ హుండీ పరిష్కరించిన సమస్యే ఇదీ: ముఖం తెలియని మనిషికి డబ్బిస్తే సరుకు వస్తుందని నమ్మేదెట్లా? అయితే ఇక్కడ పాత ఏర్పాటు కంటే కొత్తది బలహీనం. హుండీ రాసే మార్వాడీ కోఠీ పరువు పోతే కొడుకు పెళ్లి సంబంధం కూడా చెడుతుంది. డార్క్ వెబ్ అంగడివాడు మాయమైతే పోయేది ఒక మారుపేరు మాత్రమే. 2015 మార్చిలో ఎవల్యూషన్ అనే అంగడి నిర్వాహకులు జనం డబ్బంతా పట్టుకుని ఒక్క రాత్రిలో కనబడకుండా పోయారు. ఆ తర్వాత అలాంటివి ఎన్నో జరిగాయి. రహస్య లిపి ఎంత గట్టిదైనా మనిషిని నిజాయితీపరుణ్ని చేయలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, అది న్యాయమైనది కూడా. ఎండలో ఇటుకలు మోసిన కూలీ పంపిన హుండీని, మత్తుమందుల అంగడితో ఒక గాటన కట్టడం ఆ కూలీని అవమానించడం కాదా? కూలీ చెమటకూ, ఆ వలకూ తేడా ఉందని ముందే చెప్పాలి. అతను తప్పు చేయలేదు. తన సొంత డబ్బును తన ఇంటికి పంపుకున్నాడు. కానీ ఆ డబ్బు వెళ్లిన కాలువలోనే దొంగ బంగారమూ పారింది. పన్ను ఎగ్గొట్టిన సొమ్మూ, లంచాల సొమ్మూ అదే కాలువలో పారాయి. 1991లో దొరికిన డైరీల నుంచి మొదలైన జైన్ హవాలా కేసులో దేశం చూసింది దాన్నే; హవాలా అన్నది ఈ హుండీకే ఇంకో పేరు. మంచి అవసరం ఉన్నవాళ్లు వేల మంది నడిచే దారి కాబట్టే చెడ్డ సరుకు ఆ గుంపులో కలిసిపోగలిగింది. టోర్‌లోనూ ఇదే జరుగుతోంది. 2014లో ఫేస్‌బుక్, 2019లో బీబీసీ టోర్‌లో తమ చిరునామాలు పెట్టుకున్నాయి, నిషేధం ఉన్న దేశాల పాఠకుల కోసం. ఆ పాఠకులు నడిచే మజిలీల మీదుగానే మత్తు అంగడివాడూ నడుస్తాడు. పోలికను తోసిపుచ్చితే మనం ఈ సంగతిని చూడలేం. వలను మంచిదనీ చెడ్డదనీ ముద్ర వేసి కూర్చుంటాం తప్ప, మంచివాళ్లు అందులోకి ఎందుకు వచ్చారో అడగం.

రహస్యం పనికిరానిదే అయితే టోర్‌ను నిషేధించి ఊరుకోవచ్చు గదా అని ఇంకొకరు అంటారు. నిజామాబాద్ జిల్లా చరిత్రలోనే దీనికి జవాబు ఉంది. నిజాం ప్రభుత్వం గస్తీ నిషాన్ 53 పేరుతో సభ పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలని ఆంక్ష పెట్టింది. అలాంటి రాజ్యంలో పుస్తకం పంచడం, మాట చేరవేయడం గుట్టుగానే చేయాల్సి వచ్చింది. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి, కవి దాశరథి కృష్ణమాచార్య నిజామాబాద్ జైలులో కలిసి ఉన్నారు. దాశరథి అక్కడి గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. కాగితం, కలం అందని చోట బొగ్గు ముక్కే అచ్చుయంత్రం అయింది. 1948 ఆగస్టు 22న ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను నడివీధిలో హత్య చేసినప్పుడు, పేరు పెట్టుకుని రాయడం ఎంత ప్రమాదమో హైదరాబాద్ చూసింది. పేరు దాచుకునే హక్కు ఒక్కోసారి ప్రాణం నిలిపే హక్కు. దాన్ని మత్తుమందుల పేరు చెప్పి తీసేస్తే పోయేది మత్తుమందు కాదు. ఆ అంగళ్లవాళ్లు ఇప్పటికే టెలిగ్రామ్ గ్రూపుల్లోకి, ఇంకా మామూలు మెసేజ్ యాప్‌ల్లోకి వచ్చేశారు.

మరి పట్టుకునేదెట్లా? ఇప్పటిదాకా పడిపోయిన పెద్ద రహస్య అంగళ్లలో చాలా వరకు అంచు దగ్గరే పడ్డాయి. ఉల్‌బ్రిక్ట్ తన అంగడి గురించి మొదట్లో ప్రచారం చేసుకున్న మారుపేరునే మరో చోట తన అసలు ఈమెయిల్‌తో కలిపి వాడాడు. 2013 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని ఉండగా, తెరిచి ఉన్న లాప్‌టాప్‌తో సహా దొరికాడు. ఆల్ఫాబే అనే ఇంకా పెద్ద అంగడిని నడిపిన అలెగ్జాండర్ కాజెస్, మొదట్లో పంపిన స్వాగత సందేశాల్లో తన హాట్‌మెయిల్ చిరునామా బయటపడటంతో 2017 జూలైలో బ్యాంకాక్‌లో పట్టుబడ్డాడు. అక్కడి నుంచి హన్సా అనే మరో అంగడికి పరిగెత్తినవాళ్లకు, దాన్ని అప్పటికే నెదర్లాండ్స్ పోలీసులు నడుపుతున్నారని తెలియదు. ఈ కేసుల్లో టోర్ పొరలను ఎవరూ ఛేదించనక్కర్లేకపోయింది. బిట్‌కాయిన్ కూడా అంతే. అందులో ప్రతి చెల్లింపూ అందరూ చూడగల ఖాతాపుస్తకంలో శాశ్వతంగా ఉండిపోతుంది. దాన్ని రూపాయలుగానో డాలర్లుగానో మార్చుకునే గడప దగ్గర పేరు బయటపడుతుంది.

ఆ 2017 జూలైలోనే హైదరాబాద్‌లో ఎక్సైజ్ శాఖ ప్రత్యేక దర్యాప్తు బృందం ఒక మత్తుమందుల కేసు తవ్వుతోంది. డార్క్ వెబ్ ద్వారా ఎల్‌ఎస్‌డీ లాంటివి తెప్పించి నగరంలో అమ్ముతున్నారన్నది ఆ కేసు. సినిమావాళ్లను విచారణకు పిలవడంతో పత్రికలూ టీవీలూ ఆ పేర్ల చుట్టూనే తిరిగాయి. సరుకు ఎట్లా వచ్చిందన్నది పక్కకు పోయింది. అసలు చూడాల్సింది అదే. తపాలా బిళ్లంత కాగితం ముక్కకు పూసిన మందు మామూలు కవరులో, మామూలు టపాలో, కొరియర్‌లో వచ్చేస్తుంది. కంప్యూటర్ ప్రయాణం ఎంత గుట్టుగా సాగినా ఆఖరి మైలు మాత్రం పోస్ట్‌మ్యాన్ సంచిలోనే. డబ్బు విషయంలోనూ అంతే. 2022 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు 903 కోట్ల రూపాయల పెట్టుబడి మోసాన్ని బయటపెట్టినప్పుడు, ఆ సొమ్ము విదేశీ ద్రవ్యం మార్చే లైసెన్సు ఉన్న సంస్థల మీదుగా, హవాలా మీదుగా దేశం దాటిందని తేల్చారు. 2023 జూలైలో బయటపడ్డ 712 కోట్ల మోసంలో సొమ్ము క్రిప్టో ఖాతాల్లోకి పోయింది. పాత హుండీవాడూ కొత్త క్రిప్టోవాడూ పక్కపక్కనే పనిచేస్తున్నారు. ఈ రెండు మోసాల్లోనూ డబ్బు మొదట దిగింది ఎవరో తమ పేరు మీద తెరిచి ఇచ్చిన మామూలు బ్యాంకు ఖాతాల్లో. పోలీసులు వాటిని మ్యూల్ ఖాతాలంటారు. కమీషన్‌కు ఆశపడి ఆధార్, సిమ్, పాస్‌బుక్ అప్పజెప్పే కుర్రాళ్లు ఆ వలకు అంచు. ఉత్తర తెలంగాణలో ఇంకో అంచూ ఉంది. గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన సబ్ ఏజెంట్ల దారిలోనే ఇప్పుడు కంబోడియాకు కంప్యూటర్ ఉద్యోగాల పేరుతో పంపుతున్నారు. వెళ్లినవాళ్లను గేట్లు వేసి నిర్బంధించి, సొంత దేశపు జనాన్నే ఫోన్‌లో మోసగించే పని చేయిస్తారు. 2024లో సిరిసిల్ల పోలీసులకు అందిన ఒక తల్లి ఫిర్యాదుతోనూ, విశాఖపట్నం పోలీసుల దర్యాప్తుతోనూ ఇది తెలుగునాట బయటపడింది. 1983 వలసల చట్టం లైసెన్సు లేని ఏజెంటును నేరస్థుడంటుంది. కానీ ఊళ్లో నమ్మకం ఉన్నది లైసెన్సు కాగితానికి కాదు, ‘ఫలానావాళ్ల కొడుకును పంపిండు’ అన్న మాటకు.

బాన్సువాడకు సంబంధించినంత వరకు డార్క్ వెబ్ కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టే రహస్య వల వేరే ఉంది. దానికి ఇంటర్నెట్ అక్కరలేదు. 2025 ఏప్రిల్‌లో బీర్కూర్, నస్రుల్లాబాద్ మండలాల పల్లెల్లో కల్లు తాగిన పదుల మంది మెడలు వాల్చి, నాలుకలు మొద్దుబారి, వింతగా ప్రవర్తిస్తూ బాన్సువాడ ఆస్పత్రికి చేరారు. ఈ జిల్లాల్లో అమ్ముడయ్యే కల్లుకు సరిపడా చెట్లు లేవని అందరికీ తెలుసు. నీళ్లలో తీపి కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, ఇప్పుడు ఎక్కువగా అల్ప్రాజోలం కలుపుతారు. అల్ప్రాజోలం నిద్ర, ఆందోళన జబ్బులకు వైద్యుడు మిల్లీగ్రాముల్లో రాసే మందు. అర మిల్లీగ్రాము మాత్రల లెక్కన ఒక కిలో పొడి 20 లక్షల మాత్రలకు సమానం. అంటే కారు సీటు కింద పట్టే సంచితో ఒక తాలూకానే మత్తులో ఉంచవచ్చు. మత్తుమందులను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం కింద 100 గ్రాములు దాటితే చాలు, అది వాణిజ్య పరిమాణం, కఠిన శిక్ష. అయినా ఆగడం లేదు. 2025 సెప్టెంబరులో సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో ఒక పాఠశాల భవనంలో అల్ప్రాజోలం తయారు చేస్తుండగా మత్తుమందుల మీద నిఘా పెట్టే తెలంగాణ పోలీసుల ఈగల్ బృందం పట్టుకుంది. ఆ సరుకు పోయేది మహబూబ్‌నగర్ జిల్లా కల్లు దుకాణాలకు. తయారీదారుకు తాగేవాడు తెలియడు. తాగేవాడికి తాను తాగుతున్నదేమిటో కూడా తెలియదు. టోర్‌లో కొనుగోలుదారు కనీసం తాను ఏం కొంటున్నాడో తెలిసి కొంటాడు. పొలం పని, బీడీల పని చేసి సాయంత్రం సీసా కల్లు తాగే మనిషికి ఆ మాత్రం ఎరుక కూడా దక్కలేదు. ఇంతకంటే చీకటి అంగడి ఇంకేముంటుంది?

దాడులు పెంచితే చాలదా అనే ప్రశ్నకు ఈ జిల్లా దగ్గర సొంత అనుభవం ఉంది. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లు మీద ఒక్కసారిగా విరుచుకుపడింది. దుకాణాలకు పొడి రావడం ఆగిపోయింది. రెండు మూడు రోజుల్లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆస్పత్రులు నిండిపోయాయి. ఏళ్ల తరబడి తెలియకుండానే ఆ మందుకు అలవాటుపడ్డ శరీరాలు, అది అందక మూర్ఛలతో, పిచ్చి చేష్టలతో, నిద్ర లేక విలవిల్లాడాయి. ప్రాణాలు కూడా పోయాయి. కొందరిని హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు తీసుకెళ్లారు. ఆ మందు మానిపించాలంటే మోతాదు మెల్లమెల్లగా తగ్గించాలని వైద్యులందరికీ తెలుసు. మండల ఆస్పత్రిలో అందుకు తగిన మనిషినీ మందునూ ముందు పెట్టకుండా సరఫరా తెంచారు. 1992, 1993లలో ఢిల్లీ ముందు బ్యాంకు దారిని బాగుచేసింది, హుండీ దానంతట అదే సన్నబడింది. 2015లో వైద్యం అనే బహిరంగ దారి వేయకుండానే చాటుదారిని మూశారు. కొన్నాళ్లకే దుకాణాలకు పొడి మళ్లీ వచ్చింది. పదేళ్ల తర్వాత బీర్కూర్ మనుషులను బాన్సువాడ ఆస్పత్రికి తెచ్చింది ఆ పొడే. కాబట్టి కామారెడ్డి జిల్లాలో వచ్చే దాడికి ముందు అడగాల్సినవి రెండు: బాన్సువాడ ఆస్పత్రిలో ఈ వ్యసనం మాన్పే వార్డు ఎక్కడ, అందులో ఎన్ని మంచాలు?